సవరణ: ఆ చతుర్భుజం వైశాల్యం 2.5 కాదు, 16

తిరుపతిలో పదో తరగతి పిల్లల కోసం మొన్న పెట్టిన పోస్టులో, (1,1), (7,6), (6,2), (2,4) శీర్షాలున్న చతుర్భుజం వైశాల్యం 2.5 చదరపు యూనిట్లు అని రాశాను. అది తప్పు. సరైన జవాబు 16.

సూత్రం సరైనదే. పక్కపక్కనున్న రెండేసి బిందువుల నిరూపకాలను అడ్డంగా (ఒకదాని xను రెండోదాని yతో) గుణించి, తేడాలన్నీ కూడి, గుర్తు వదిలి సగం చేయాలి. కానీ బిందువులను ఆకారం అంచు వెంబడి వరుసగా తీసుకోవాలి. నేను ప్రశ్నలో ఇచ్చిన వరుసలోనే వేసేశాను. అలా కలిపితే గీతలు ఒకదాన్నొకటి దాటుకుంటాయి. అప్పుడు ఒక భాగం ప్లస్‌గా, ఇంకో భాగం మైనస్‌గా వచ్చి కొట్టుకుపోతాయి. మొత్తం 5 వచ్చింది, సగం 2.5. గ్రాఫ్ పేపర్ మీద ముందే గీసి ఉంటే అక్కడే తెలిసిపోయేది.

సరైన వరుస (1,1), (6,2), (7,6), (2,4). మొత్తం 32, సగం 16.

చిత్తూరులో లెక్కలు చెప్పే ఒక మేడమ్ ఈ తప్పు పట్టుకున్నారు. తర్వాత పాఠ్యపుస్తకంలోని త్రిభుజ వైశాల్య సూత్రంతో సరిచూశాను. (1,1) నుంచి (7,6)కి కర్ణం గీస్తే రెండు త్రిభుజాలు 9.5, 6.5 వచ్చాయి.

ఇంకో దారి కూడా ఉంది, నాకు ఇదే ఎక్కువ ఇష్టం. 1899లో గియోర్గ్ పిక్ ఇచ్చిన సిద్ధాంతం ప్రకారం, శీర్షాలన్నీ గ్రిడ్ చుక్కల మీదే ఉంటే, చుక్కల ముగ్గులో లెక్కపెట్టినట్టు చుక్కలు లెక్కపెడితే చాలు. లోపల 15, అంచు మీద 4. 15కి 4లో సగం కలిపి 1 తీసేస్తే 16.

పాత జవాబు నోట్సులో రాసుకున్నవాళ్లు దయచేసి దిద్దుకోండి.