నీరు తగ్గిందా, వోల్టేజీ తగ్గిందా?

వాతావరణ మార్పు వల్ల అట్లాంటిక్ సముద్రంలోని వెచ్చని నీటి ప్రవాహం గల్ఫ్ స్ట్రీమ్ బలహీనపడుతోందన్న వార్త వస్తే ముందు అడగాల్సిన ప్రశ్న: ఎలా కొలిచారు?

ఫ్లోరిడాకూ బహామాస్ దీవులకూ మధ్య జలసంధిలో ఈ ప్రవాహాన్ని ఫ్లోరిడా కరెంట్ అంటారు. అక్కడ సగటున సెకనుకు 3.2 కోట్ల ఘనపు మీటర్ల నీరు ఉత్తరానికి పోతుంది. మనకు అలవాటైన లెక్కలో సుమారు 113 కోట్ల క్యూసెక్కులు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర గోదావరి వరద 35 లక్షల క్యూసెక్కులు. దానికి మూడు వందల రెట్లకు పైమాటే!

ఇంత నీటిని 1982 నుంచి కొలిచింది సముద్రం అడుగున వేసిన టెలిఫోన్ కేబుల్. ఉప్పునీటిలో విద్యుత్తు పారుతుంది కాబట్టి, ఆ నీరు భూమి అయస్కాంత క్షేత్రంలో కదిలితే వోల్టేజీ పుడుతుంది. 1832లోనే ఫారడే లండన్‌లోని వాటర్లూ వంతెన దగ్గర థేమ్స్ నదిలో దీన్ని పట్టుకోవాలని చూశాడు, కుదరలేదు.

కానీ కేబుల్ చెప్పేది వోల్టేజీయే. ఎంత వోల్టేజీకి ఎంత నీరో తేల్చడానికి పరిశోధకులు ఓడలో వెళ్లి, జలసంధికి అడ్డంగా తొమ్మిది చోట్ల ఒక పరికరాన్ని వదులుతారు. అది అడుగుకు చేరి, బరువు వదిలేసి పైకి తేలుతుంది. ఈలోగా ప్రవాహం దాన్ని ఎంత దూరం లాక్కెళ్లిందో చూస్తే వేగం తెలుస్తుంది. ఎవరూ వార్తగా రాయని ఈ చాకిరీయే అసలు ఆధారం.

2023లో ఒక అధ్యయనం నాలుగు దశాబ్దాల్లో ఈ ప్రవాహం సుమారు 4 శాతం తగ్గిందని తేల్చింది. మరుసటి ఏడాది ఇంకో బృందం అయస్కాంత క్షేత్రంలో వచ్చిన మార్పును లెక్కలోకి తీసుకుంది. అక్కడ ఆ క్షేత్రం బలహీనపడుతోంది, కాబట్టి అదే నీటికి వోల్టేజీ తక్కువ పుడుతుంది. ఆ తేడా సరిచేస్తే తగ్గుదల దాదాపు మాయమైంది. ఓడల కొలతలు లేకపోతే ఆ దిద్దుబాటు సరైనదేనని ఎలా నమ్ముతాం?

ఇందువల్ల వాతావరణ మార్పు అబద్ధం అనుకునేవాళ్లది తొందరపాటు. అట్లాంటిక్ సముద్రమంతటా నీరు తిరిగే ప్రసరణలో ఫ్లోరిడా కరెంట్ ఒక భాగం మాత్రమే.

2023 చివర్లో ఆ కేబుల్ తెగిపోయింది. ఉపగ్రహాలు, రెండు ఒడ్డుల దగ్గరి పీడన మాపకాలు ఇప్పుడు కొంతవరకు ఆ లోటు తీరుస్తున్నాయి. వాటినీ ఓడ కొలతలతోనే సరిచూసుకోవాలి. అందుకే బడ్జెట్ కోత పెట్టాల్సి వస్తే ఈ ఓడ ప్రయాణాల జోలికి మాత్రం వెళ్లకూడదు.