ఆకలి తీర్చని యంత్రం

సైన్స్ ఫాంటసీ (సైన్సూ మాయా కలగలిసిన) వీడియో గేముల్లో సరదా ఎక్కువైతే కథకి బరువు పోతుందని ఓ వ్యాసంలో రాశారు, నేను మాత్రం ఒప్పుకోను. 1995లో వచ్చిన క్రోనో ట్రిగర్ అనే గేమ్‌నే తీసుకోండి. మొదలయ్యేది జాతరలో, కాసేపటికే కత్తి పట్టిన ఓ కప్ప మనతో చేరి పోరాడుతుంది, అంతా ఆటవిడుపుగా ఉంటుంది. ఆ తర్వాత కాలప్రయాణంలో క్రీ.శ. 2300లోకి తెచ్చి పడేస్తారు. శిథిలాలు, గుమ్మటాల్లాంటి కట్టడాల్లో తలదాచుకున్న జనం, వాళ్ల దగ్గర ఎనర్‌ట్రాన్ అనే యంత్రం. అందులోకి వెళ్లొస్తే ఒంట్లో శక్తి మొత్తం తిరిగొస్తుంది, కానీ ఆకలి మాత్రం అలాగే ఉందని గేమ్ ఒక్క ముక్కలో చెప్తుంది. నాకు గొంతు పట్టేసింది అక్కడే. ఆ తర్వాతే, కథలో ప్రపంచాన్ని నాశనం చేసిన లావోస్ అనే భారీ జీవి 1999లో భూమిని చీల్చుకుని పైకొచ్చే పాత వీడియో చూపిస్తారు, అప్పటికే ఆ జనం మనవాళ్లైపోయారు కాబట్టి ఆ దృశ్యం అంత గట్టిగా తగులుతుంది.

ఇప్పటి చాలా గేముల్లో మొదటి పది నిమిషాల్లోనే విశ్వం అంతమైపోతోందంటూ అరుస్తారు. ఎవరి విశ్వం? అందులో ఎవరూ మనకి పరిచయం కాలేదే! పైగా ప్రతి పాత్రా గంభీరంగా మొహం పెట్టుకుని జోస్యాలే చెప్తుంటే టెన్షన్ ఎక్కడి నుంచి వస్తుంది? రచయితలు ముందు ఆ ఊళ్లో మనుషుల్ని నవ్వనివ్వాలి, పోట్లాడుకోనివ్వాలి, ప్రళయం సంగతి తర్వాత చూసుకోవచ్చు.