హెచ్ఎం కుర్చీ ఎక్కేసరికి మిగిలేది ఎన్నాళ్లు?

డీఎస్సీ-98లో చేరిన నా స్నేహితుడు లెక్కలు చెబుతుంటే బెల్లు కొట్టినా పిల్లలు లేచేవాళ్లు కాదు. పాతికేళ్లు దాటాక గెజిటెడ్ హెడ్మాస్టర్ ప్రమోషన్ వచ్చి పాలమూరు పట్టణంలో పోస్టింగ్ పడింది. మొన్న వెళ్తే బల్ల మీద మధ్యాహ్న భోజనం రిజిస్టరు, దాని పక్కనే గుడ్ల ట్రేలు. "ఇయ్యాల ఇరవై తక్కువ పడ్డయన్నా, పాత బిల్లు రాలేదని వంట ఏజెన్సీ ఆమె లొల్లి. లెక్కలు చెప్పుడు మానలేదు, ఇప్పుడు గుడ్ల లెక్కలు" అని నవ్వాడు.

నవ్వొచ్చే సంగతేం కాదు. మన తెలంగాణ సర్కారు బళ్లలో హెచ్ఎం కావాలంటే సీనియారిటీ ఒక్కటే దారి, ఆ దారిలోనూ కోర్టు కేసులతో ఏళ్ల తరబడి ప్రమోషన్లు ఆగిపోయాయి, దానికి తోడు 2021లో రిటైర్మెంట్ వయసు 58 నుంచి 61కి పెంచడంతో మూడేళ్లపాటు పై కుర్చీలు ఖాళీ కాలేదు. తీరా ఎక్కేసరికి చాలామందికి మిగిలేది రెండు మూడేళ్లే. బడి స్వభావం అర్థమయ్యేలోపే శాలువా కప్పేస్తారు.

పట్టణం బడి కదా, అన్నీ ఉంటాయనుకుంటారు. 250 దాటి వెయ్యి లోపు పిల్లలున్న బడికి సమగ్ర శిక్ష పథకం నుంచి ఏడాదికొచ్చే గ్రాంటు 75,000. మూడు వందల మంది ఉంటే తలకు 250 రూపాయలు! సుద్దముక్క నుంచి నల్లా రిపేరు దాకా అందులోంచే, అదీ ఒక్కసారే చేతికి రాదు. ఆటో నడిపే తండ్రి కిరాయి ఇల్లు మారితే పిల్లాడి పేరు రెండు బళ్లలో కనిపిస్తుంది, ఆధార్‌లో ఇంకో స్పెల్లింగు ఉంటుంది, అది సరిచేసేదాకా హెచ్ఎంకు ఫోన్ల మీద ఫోన్లు.

ప్రైవేటులో ప్రిన్సిపల్‌ది వేరే టెన్షన్. నల్గొండలో ఎండలు ముదిరాయంటే టీచర్లను వెంటేసుకుని అడ్మిషన్ల కోసం గల్లీలు తిరిగేది ఆయనే. సంతకం ఆయనది, పెత్తనం కరస్పాండెంట్‌ది. పది ఫలితాల ఫ్లెక్సీ మీద ఫొటో ఎవరిదో చెప్పక్కర్లేదు.

కేంద్రీయ విద్యాలయాల్లో ప్రిన్సిపల్ పోస్టులకు పరీక్ష, ఇంటర్వ్యూ పెట్టి నేరుగా కూడా తీసుకుంటారు, మన గురుకులాలకూ అలా నోటిఫికేషన్ వేశారు. హైస్కూళ్లలో కనీసం కొన్ని పోస్టులైనా నలభై ఏళ్ల టీచర్లకు ఎందుకు తెరవకూడదు? సంఘాలు ఒప్పుకోవంటారు. సరే, ముందు బడికో జూనియర్ అసిస్టెంట్‌నైనా ఇవ్వండి, గుడ్లు ఆయన లెక్కపెడతాడు.

లేచేముందు అడిగాను, నీ తర్వాత ఎవరని. "మా బ్యాచే. నేను జూన్‌లో దిగిపోత, ఆయనకు ఇంకో పద్నాలుగు నెలలుంది."