జంపఖానాకు పిల్లో ఎందుకు?

మా బావది వరంగల్ కొత్తవాడ. ఇంట్ల మగ్గం, ముందటి అర్రల దుకాణం, దుకాణం నిండ జంపఖానాలు. మన దర్రీలకు 2018ల జీఐ ట్యాగ్, అంటే ఈ ఊరి సరుకని ఇచ్చే గుర్తింపు, వచ్చిన కాన్నుంచి ఆయనది ఒకటే పట్టు, మనకు గూడ వెబ్‌సైట్ ఉండాలె అని. ఇంట్ల కంప్యూటర్ సదివినోన్ని నేనే, పైసలు అడగనోన్ని గూడ నేనే, గందుకే నా మీద పడ్డది. "ఎన్ని రోజులు పడ్తది బామ్మర్ది" అంటే "ఆదివారం పొద్దుగాల కూసుంటే మాపటికి అయిపోతది బావా" అన్న. నోరు జారుడంటే గిదే.

జాంగోల చేద్దామనుకున్న, అంటే పైథాన్ భాషల వెబ్‌సైట్లు కట్టనీకి ఉన్న తయారు సామాను. స్పెల్లింగ్ల ముందు డీ ఉంటది గని పలకరు, అదొక తిక్క. 2005 నుంచి ఉన్నది, లాగిన్, అడ్మిన్ పేజీ అన్నీ దాంతోనే వస్తయి, మిగిలినయి వేరేటోళ్లు రాసిన ప్యాకేజీలు తెచ్చి తగిలించుకోవాలె, ఆ తగిలించుకునే కాడనే నేను ఆగమైన.

జంపఖానా ఫోటో కోసమని మోడల్ల, అంటే సరుకు వివరాలు రాసుకునే కాడ, ఫోటోకు జాగ ఇచ్చే ఇమేజ్‌ఫీల్డ్ ఒకటి పెట్టి సర్వర్ స్టార్ట్ చేసిన. వెంటనే ఎర్రర్, పిల్లో ఇన్‌స్టాల్ కాలేదు కాబట్టి ఇమేజ్‌ఫీల్డ్ నడవదట. పిల్లో అంటే పైథాన్ల ఫోటోలను చూసుకునే లైబ్రరీ పేరు. "గీ పిల్లో ఒకటి పెట్టాల్నట" అని పైకే అన్న. మగ్గం కాడ బావ చెయ్యి ఆగింది.

"పిల్లో ఎందుకు? మనం పిల్లోలు అమ్మం కద."

"అమ్ముడు కాదు బావా, అది లేకపోతే జంపఖానా ఫోటో పెట్టనిస్తలేదు."

"ఎవడు పెట్టనియ్యంది? చౌరస్తల దిండ్లు, పరుపులు అమ్మేటాయన మనకు దోస్తు, మన దుకాణంల పిల్లోలు కనవడితే రేపు ఆయనతోని పంచాయితీ. నువ్వు పిల్లో పెట్టకు."

అప్పటికే నేను పిప్ ఇన్‌స్టాల్ కొట్టిన, ప్యాకేజీలు తెచ్చే కమాండ్ అది, సక్సెస్ అని వచ్చింది. సర్వర్ మళ్ల స్టార్ట్ చేస్తే మళ్ల అదే, పిల్లో లేదు. ఇంకోసారి ఇన్‌స్టాల్ కొడితే ఆల్రెడీ ఉన్నది అంటది, సర్వరేమో లేనే లేదంటది, ఇద్దరు అత్తాకోడళ్ల నడుమ ఇరుక్కున్నట్టయింది నా పని. అరగంటకు తెలిసింది ఏందంటే ఇన్‌స్టాల్ కోసం నేను కొత్త టెర్మినల్ తెరిచిన, దాంట్ల వర్చువల్ ఎన్విరాన్‌మెంట్, అంటే ఈ ఒక్క ప్రాజెక్టుకు వేరేగ పెట్టుకున్న అర్ర, ఆన్ చెయ్యలె. అంటే మనింటికి తెచ్చిన సామాను పక్కింట్ల దింపి, మనింట్ల లేదేందని ఎతుకుడు.

అది సరి చేసుకోని, చిన్న ఫోటోల కోసం ఈజీ థంబ్‌నెయిల్స్, ఆర్డర్ ఫారం మంచిగ కనవడాలని క్రిస్పీ ఫామ్స్ తెచ్చిన. క్రిస్పీ అంటే ఏందని అక్క అడిగితే కరకరలాడేవి అని చెప్పిన, లోపటికి పోయి సకినాల డబ్బ తెచ్చి నా ముందు పెట్టింది. ఆ రోజు మొత్తం మీద అడగకుండ వచ్చిన మేలు అదొక్కటే.

ఇగ ప్యాకేజీ తెస్తే సరిపోదు, సెట్టింగ్స్ ఫైల్ల ఇన్‌స్టాల్డ్ యాప్స్ అని ఒక లిస్ట్ ఉంటది, దాంట్ల దాని పేరు ఎక్కియ్యాలె. పేరు గూడ ఒక్క తీరుగ ఉండదు, తెచ్చేటప్పుడు నడుమ అడ్డగీత, లిస్ట్ల రాసేటప్పుడు కిందిగీత. ఇవన్నీ చూసుకోని రాసిన, రన్ చేసిన. "ఈజీ_థంబ్‌నెయిల్స్‌క్రిస్పీ_ఫామ్స్" అనే మాడ్యూల్ దొరుకుత లేదు అన్నది. కాజీపేట జంక్షన్ల రెండు బోగీలు తగిలించినట్టు గింత పొడుగు పేరు. నేను అసొంటిది అడగనే లేదు! రెండూ తీసేసి మళ్ల ఎక్కిచ్చిన, నాలుగు సార్లు. గూగుల్ల కొడితే ఒక్కటంటే ఒక్క రిజల్ట్ రాలె, ప్రపంచంల ఎవ్వనికీ రాని ఎర్రర్ కొత్తవాడల నాకు వచ్చిందని కొంచెం గర్వం గూడ అయింది, అబద్ధమెందుకు.

బావ చాయ్ గిలాస పట్టుకోని ఎనకకొచ్చి నిలవడ్డడు. ఇంగ్లీషు చదువరాదు ఆయనకు, చదువుతలేడు గూడ, పడుగు మీద పోగులు చూసినట్టు పైనుంచి కిందికి స్క్రీన్ చూస్తున్నడు.

"అన్నిటికీ తోక ఉన్నది. గీ ఒక్కదానికి తోకేది?"

"ఏం తోక బావా?"

గిలాస అంచుతోని స్క్రీన్ మీద పెట్టి చూపెట్టిండు. ఈజీ థంబ్‌నెయిల్స్ లైన్ ఆఖరుకు కామా లేదు. పైథాన్ల రెండు స్ట్రింగుల, అంటే కోట్స్‌ల రాసిన మాటల, నడుమ కామా లేకపోతే అది తిట్టదు, అడగదు, సప్పుడు చెయ్యకుండ రెండిట్ని కలిపి ఒక్కటి చేస్తది. స్క్రీన్ మీద చాయ్ మరక తుడుసుకుంట కామా పెట్టిన. ఆ ఎర్రర్ పోయింది.

"పోగు తెగితే మాకు దూరం నుంచే కనవడ్తది" అన్నడు, మళ్ల పోయి మగ్గం మీద కూసున్నడు. నేను చేసింది బీటెక్.

తర్వాత టేబుల్ లేదన్నది, డేటాబేస్‌ల టేబుళ్లు తయారు చేసే మైగ్రేట్ కమాండ్ కొట్టుడు మరిచిన, కొట్టిన. క్రిస్పీకి టెంప్లేట్ ప్యాక్, అంటే ఫారం రూపు డిజైన్, వేరేగ తెచ్చి దాని పేరు సెట్టింగ్స్‌ల చెప్పాలన్నది, చెప్పిన. రాత్రి తొమ్మిదిన్నరకు పేజీ తెరుసుకున్నది, వరసగ చిన్న చిన్న చౌకోర్ ఫోటోలు, ఎరుపు, నీలం, పసుపు, నా కండ్లకైతే పండుగే. బావను పిలిచి చూపెట్టిన.

"అంచేది?"

థంబ్‌నెయిల్‌కు క్రాప్ ఆన్ చేసి పెట్టిన కద, చౌకోర్ చెయ్యనీకి అది పొడుగు దిక్కున రెండు కొసల అంచులు కోసి పారేసింది. రెండు రోజులు నేసిన అంచు. ఆయన మొఖం చూసి మారు మాట్లాడకుండ క్రాప్ తీసేసిన, ఫోటోలు పొడుగ్గ, వంకరటింకర సైజులల్ల వచ్చినయి, డిజైన్ మొత్తం పోయింది గని అంచులు కనవడ్తున్నయి.

బావ ఒక్కొక్కటి చూసుకుంట కిందిదాక పోయిండు, తల ఊపిండు.

"మంచిగున్నది రా. ఫోటోలు వచ్చినయి కద, ఇగ ఆ పిల్లో తీసెయ్."