గది ఫొటోలో మెట్లు కనిపించవు

ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, కోరాపుట్ వైపు తెలుగు కుటుంబాలు పట్నంలో హోటల్ గది తీసుకునేది చాలావరకు సరదాకి కాదు. విశాఖ కేజీహెచ్‌లో ఎవరికో ఆపరేషన్ ఉంటుంది. కటక్ హైకోర్టులో వాయిదా ఉంటుంది. లేకపోతే అమ్మాయికి భువనేశ్వర్‌లో పరీక్ష సెంటర్ పడుతుంది. బయల్దేరే ముందురోజు రాత్రి ఇంట్లో కుర్రాడు ఫోన్‌లో యాప్ తెరుస్తాడు. తెల్లటి దుప్పటి, దాని మీద హంసలా మడిచిన తువ్వాలు, కొట్టేసిన పాత ధర, పక్కన కొత్త ధర. 'సగానికి సగం తగ్గింది నాన్నా' అంటాడు, బుక్ చేసేస్తాడు. పెళ్ళి చీరకి బరంపురం బజారులో నాలుగు షాపులు ఎక్కి దిగే మనం, ఇంటిల్లిపాదీ ఒళ్ళు తెలియకుండా నిద్రపోయే చోటుని నాలుగు ఫొటోలు చూసి ఖాయం చేసేస్తున్నాం.

ఈ అలవాటు మారాలి. ఓ మాదిరి బడ్జెట్ అంటే రాత్రికి పన్నెండు వందల నుంచి రెండున్నర వేల దాకా అనుకుందాం. ఆ డబ్బుకి సుఖంగా, భద్రంగా ఉండే గది దొరుకుతుంది. వెతకడం మాత్రం మన పని ఎక్కడుందో అక్కడ మొదలుపెట్టాలి, ఆపదొస్తే ఆ భవనంలోంచి బయటపడే దారి ఏదో తేలాకే డబ్బు కట్టాలి. ఏసీ, టీవీ, తువ్వాలు హంసలు ఆ తర్వాతి సంగతి.

ముందు చోటు. విశాఖ అనగానే మనవాళ్ళకి బీచ్ రోడ్డు గుర్తొస్తుంది. క్యాన్సర్ వైద్యానికి వెళ్ళే మనిషికి పని అగనంపూడిలో. టాటా మెమోరియల్ వాళ్ళ హోమీ భాభా ఆస్పత్రి ఉన్నది అక్కడ, గాజువాక దాటాక. కంటి ఆపరేషన్‌కి ఎల్.వి.ప్రసాద్‌కి వెళ్ళాలంటే హనుమంతవాక. విమ్స్ ఆస్పత్రి కూడా అటే, ఆస్పత్రులన్నీ ఒకచోట ఉన్న హెల్త్ సిటీ ఆ దగ్గర్లోనే ఆరిలోవలో. కేజీహెచ్ మాత్రం మహారాణిపేటలో, జగదాంబ జంక్షన్‌కి దగ్గర. అన్నిటికీ అడ్రసులో ఊరు పేరు విశాఖపట్నమే, కానీ అగనంపూడికీ ఆరిలోవకీ మధ్య ఊరంతా ఉంది. రేడియేషన్‌కి రోజూ తిప్పాల్సిన రోగిని పెట్టుకుని, మూడొందలు తక్కువకి వచ్చిందని ఊరి మధ్య డాబాగార్డెన్స్‌లో దిగితే ఆ మూడొందలూ మొదటిరోజు ఆటోకే చాలవు. రోగి ఒళ్ళు హూనం కావడం అదనం.

భువనేశ్వర్‌లోనూ అంతే. ఎయిమ్స్ సిజువాలో ఉంది, ఊరికి ఓ చివర. కిమ్స్ పటియాలో ఉంది, ఇంకో చివర. రైలు దిగేది మాస్టర్ క్యాంటీన్ దగ్గర, బస్సు దిగేది బరముండాలో. 'సిటీ సెంటర్‌కి 2 కిలోమీటర్లు' అని యాప్ రాస్తే మురిసిపోతాం. మనకి సెంటర్‌తో ఏం పని?

బడ్జెట్‌ని రాత్రి అద్దెతో కొలవడం మానేసి అద్దె, ఆటో, తిండి, పోయిన గంటలు అన్నీ కలిపి చూడాలి. ఈ గంటల లెక్కలోనే పాత లాడ్జిలు కొత్త హోటళ్ళని కొడతాయి. హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్ రాత్రి రాయగడలో ఎక్కితే పొద్దున్నే భువనేశ్వర్‌లో దింపుతుంది. కొత్త హోటళ్ళలో చాలావాటికి చెకిన్ మధ్యాహ్నం పన్నెండుకి. అప్పటిదాకా ముసలాయన్ని లాబీ సోఫాలో కూర్చోబెట్టాలి, లేదా 'ఎర్లీ చెకిన్' పేరుతో ఇంకో ఐదొందలు, ఆరొందలు పెట్టాలి. '24 గంటల చెకౌట్' అని బోర్డు పెట్టిన లాడ్జిలో పొద్దున్న ఏడుకి దిగితే మర్నాడు ఏడు దాకా గది మనదే. స్నానం చేసి, టిఫిన్ తిని, ఓపీ చీటీకి లైన్‌లో నిలబడి, రాత్రి పడుకుని తెల్లారి ఖాళీ చేయొచ్చు. ఒకే అద్దె. రాత్రి బళ్ళలో తిరిగే మన జిల్లాల వాళ్ళకి ఇంతకంటే పనికొచ్చే సదుపాయం ఇంకోటి లేదు. యాప్‌లో అది ఎక్కడో అడుగున చిన్నక్షరాల్లో ఉంటుంది, లేదా ఉండనే ఉండదు.

యాప్‌లని వెనకేసుకొచ్చేవాళ్ళ మాటలో నిజం లేకపోలేదు. ధర ముందే తెలుస్తుంది. మనిషి చొక్కా చూసి రేటు చెప్పే గుమస్తాలతో బేరం బాధ తప్పింది. ముందు దిగినవాళ్ళు ఏమన్నారో చదవొచ్చు. ఒప్పుకుంటాను, అందుకే యాప్‌ని పేర్ల జాబితాగా వాడుకోమంటాను. తక్కువ మార్కులు వేసిన రివ్యూలు, అవీ ఈ మూడు నెలల్లో రాసినవి చదివి, తర్వాత నేరుగా హోటల్‌కే ఫోన్ చేయాలి. వేడినీళ్ళు రోజంతానా లేక పొద్దున్న ఆరు నుంచి తొమ్మిది దాకానా, లిఫ్ట్ ఉందా, కరెంటు పోతే జనరేటర్‌కి ఏసీ నడుస్తుందా ఫ్యానేనా, మూడో మనిషికి ఎక్స్‌ట్రా బెడ్ ఇస్తారా నేలమీద పరుపా అని అడగాలి. విసుక్కోకుండా జవాబు చెప్పే రిసెప్షన్ ఉన్న చోట రాత్రి రెండింటికి రోగికి ఆయాసం వచ్చినా ఆటో పిలిచే మనిషి ఉంటాడు. చిన్న ఊరి వాళ్ళం కదా, ఫోన్‌లో గొంతు వింటే మనిషి ఎలాంటివాడో మనకి పట్టుబడుతుంది.

ఇక అసలు విషయం. 2022 సెప్టెంబర్ 12 రాత్రి సికింద్రాబాద్‌లో ఒక హోటల్ కింద, ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్‌లో మంటలు లేచాయి. పైన గదుల్లో దిగినవాళ్ళలో 8 మంది చనిపోయారు. 2019 ఫిబ్రవరిలో ఢిల్లీ కరోల్‌బాగ్‌లో ఒక హోటల్ తెల్లవారుజామున అంటుకుని 17 మంది పోయారు. 2025 ఏప్రిల్ 29న కోల్‌కతా బడాబజార్ ప్రాంతంలోని హోటల్‌లో 14 మంది. ఇవేవీ ఐదు నక్షత్రాల హోటళ్ళు కావు, స్టేషన్‌కో బజారుకో దగ్గరగా మనలాంటివాళ్ళు దిగే మోస్తరు హోటళ్ళే. ఇలాంటి చోట్ల మంట కంటే ముందు మనిషిని చంపేది పొగ. పొగ పైకి లేచేది మెట్ల దారిలో, లిఫ్ట్ గొయ్యిలో. మనం కిందికి దిగాల్సిందీ ఆ మెట్ల మీదే. రెండో దారి లేకపోతే, ఉన్నా దానికి తాళం వేసి పాత పరుపులు పేర్చి ఉంటే, గది ఎంత శుభ్రంగా ఉన్నా అది బోనే.

ఫొటోల్లో ఎప్పుడూ కనిపించనిది ఇదే. ఏ హోటలూ తన రెండో మెట్లని ఫొటో తీసి పెట్టదు. కాబట్టి తాళం చేతికి తీసుకునే ముందు కారిడార్ చివరిదాకా నడిచి చూడాలి. ఆ తలుపు నెడితే తెరుచుకుంటుందా? గదిలో కిటికీ ఉందా, ఉంటే తెరుచుకుంటుందా, లేక బయట ఫ్లెక్సీ బోర్డుతోనో అద్దాలతోనో మూసేశారా? ఏసీ చల్లదనం పోకూడదని కిటికీలకి మేకులు కొట్టేసే యజమానులున్నారు. సెల్లార్‌లో ఏముంది? బళ్ళు పెట్టే చోట బ్యాటరీ స్కూటర్లకి రాత్రంతా ఛార్జింగ్ పెడుతున్నారా? గ్యాస్ సిలిండర్లు, డీజిల్ డబ్బాలు మెట్ల కింద ఉన్నాయా? ఇవి చూడ్డానికి ఇంజనీరు కానక్కర్లేదు. అడిగి తీసుకోవాల్సింది ఒకటి నుంచి మూడో అంతస్తు లోపు గది. 'పైన వ్యూ బాగుంటుంది సార్' అంటారు. రోగికి తోడొచ్చినవాళ్ళకి వ్యూ దేనికి?

బాత్‌రూమ్‌లో గ్యాస్ గీజర్ ఉంటే ఇంకో జాగ్రత్త. గాలి ఆడని చిన్న బాత్‌రూమ్‌లో అది కార్బన్ మోనాక్సైడ్ వదులుతుంది. వాసన ఉండదు, కళ్ళు తిరిగి పడిపోయేదాకా తెలియదు. గీజర్ బయట ఉండాలి, లేదా కరెంటు గీజర్ ఉన్న గది అడగాలి. అదీ లేదంటే బకెట్‌తో వేడినీళ్ళు తెప్పించుకోవడమే మేలు.

పరీక్షకి వెళ్ళే ఆడపిల్లల సంగతి వేరే చెప్పాలి. తోడు వచ్చింది తల్లి ఒక్కతే అయితే గదిలోకి వెళ్ళగానే చూడాల్సింది లోపలి గొళ్ళెం. కార్డుతో తెరుచుకునే తాళం ఎంత గొప్పదైనా దానికి మారు కార్డు రిసెప్షన్‌లో ఉంటుంది, లోపలి గొళ్ళేనికి ఉండదు. పక్క గదిలోకి తలుపు ఉంటే అది అవతల నుంచి తెరుచుకోకుండా చూసుకోవాలి. రాత్రిపూట కౌంటర్‌లో ఎవరుంటారో, మెయిన్ గేటు ఎన్నింటికి వేస్తారో అడగాలి. ఫ్యామిలీలు దిగే లాడ్జి ఏదో కనుక్కోవాలంటే యాప్ కంటే ఎదురుగా ఉన్న మందుల షాపు నమ్మకం. ఇది పాతకాలపు సలహా అని నవ్వేవాళ్ళు నవ్వనివ్వండి.

గుర్తింపు కార్డుల దగ్గర ఒక తలనొప్పి ఉంది. కొన్ని హోటళ్ళు 'లోకల్ ఐడీ' తీసుకోవు. బరంపురం ఎంకేసీజీ ఆస్పత్రికి రోగిని తెచ్చి అర్ధరాత్రి గది అడిగితే, ఆధార్‌లో గంజాం జిల్లా అడ్రస్ చూసి తిప్పి పంపే చోట్లుంటాయి. ఇది హోటళ్ళు పెట్టుకున్న రూలే తప్ప, సొంత జిల్లాలో గది తీసుకోకూడదని చట్టమేమీ లేదు. ముందే ఫోన్‌లో తేల్చుకుంటే డబ్బు ఇరుక్కోదు. ఆధార్ జెరాక్స్ ఇవ్వాల్సి వస్తే మొదటి ఎనిమిది అంకెలు దాచిన మాస్క్‌డ్ కాపీ ఇవ్వండి, లేదా ఓటరు కార్డు చూపించండి.

నక్షత్రాల గురించి రెండు మాటలు. హోటల్‌కి స్టార్ హోదా ఇచ్చేది కేంద్ర పర్యాటక శాఖ కమిటీ. అడిగిన హోటల్‌కే ఇస్తుంది, ఆ హోదా అయిదేళ్ళే చెల్లుతుంది. యాప్‌లో పేరు పక్కన మెరిసే చుక్కలకీ దానికీ సంబంధం ఉండాలనేం లేదు. 'డీలక్స్', 'గ్రాండ్', 'రెసిడెన్సీ' అనేవి సైన్‌బోర్డు రాయించినవాడి ఇష్టం. బిల్లు దగ్గర కూడా ఓ కన్నేయాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకి 7,500 రూపాయల దాకా అద్దె ఉన్న గదుల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. రెండు వేల గదికి 240 కట్టేవాళ్ళం, ఇప్పుడు 100 చాలు. పాత అలవాటుగా 12 శాతం వేస్తే అడగండి. జీఎస్టీ నంబరే లేని లాడ్జి పన్ను పేరుతో ఒక్క రూపాయి కూడా వసూలు చేయకూడదు.

ఇంత జాగ్రత్త చెబుతున్నా, నన్ను తొలిచేది వేరే ప్రశ్న. అసలు ఇంతమందిమి ఎందుకు గదులు తీసుకోవాల్సి వస్తోంది? 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రంగా ఏర్పడి గంజాం, కోరాపుట్ ప్రాంతాలు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి అటు వెళ్ళాయి. ఆ సంగతి ఇప్పుడు తవ్వను, అది ముగిసిన చర్చ. కానీ రాజధానీ, హైకోర్టూ రాయగడకి ఒక రాత్రి ప్రయాణం దూరంలో ఉన్నాయి, పెద్ద వైద్యం దొరికే విశాఖ దగ్గరే ఉన్నా ఇంకో రాష్ట్రంలో ఉంది. ఎటు వెళ్ళినా మనం అతిథులమే, అదీ డబ్బు కట్టే అతిథులం. 2017 నుంచి కోరాపుట్‌లో షహీద్ లక్ష్మణ్ నాయక్ మెడికల్ కాలేజీ నడుస్తోంది. అయినా గుండె, క్యాన్సర్ అనగానే ఇప్పటికీ విశాఖ బండే ఎక్కుతున్నాం. ఆయుష్మాన్ కార్డు ఏడాదికి కుటుంబానికి 5 లక్షల దాకా వైద్యం ఖర్చు పెడుతుంది. రోగికి వార్డులో మంచం దొరుకుతుంది. వారం రోజులు బయట గదిలో ఉండే భార్యకీ కొడుక్కీ అయ్యే పది పదిహేను వేలు ఏ కార్డు కిందికీ రావు. ఆ ఖర్చు సరిహద్దు జిల్లాలో పుట్టినందుకు కడుతున్న పన్ను.

చేయలేనిదేం కాదు. ఒడిశాలో 2015 నుంచి ఆహార్ కేంద్రాల్లో 5 రూపాయలకి అన్నం, డాల్మా (కూరగాయలు వేసిన పప్పు) పెడుతున్నారు. ఆంధ్రలో 5 రూపాయల అన్న క్యాంటీన్లు 2024లో మళ్ళీ తెరిచారు. అన్నం పెట్టడం చేతనైన ప్రభుత్వాలకి మంచం వేయడం చేతకాదా? పవర్‌గ్రిడ్ సంస్థ ఢిల్లీ ఎయిమ్స్‌తో పాటు కొన్ని పెద్ద ఆస్పత్రుల దగ్గర రోగుల బంధువుల కోసం విశ్రామ్ సదన్‌లు కట్టించింది. వెళ్ళే ఆస్పత్రిలో అలాంటిది గానీ ధర్మశాల గానీ ఉందేమో హోటల్ వెతికే ముందే అడగాలి, చాలామంది అడగరు. పరీక్షల సంగతీ ఇంతే. గుణుపురంలో ఇంజనీరింగ్ యూనివర్సిటీ ఉంది, కంప్యూటర్ ల్యాబులున్నాయి. అలాంటి చోట్లని ఆన్‌లైన్ పరీక్షలకి మరింతగా వాడుకుంటే ఎన్ని కుటుంబాలకి రాత్రి ప్రయాణం, గది అద్దె, టెన్షన్ తప్పుతాయి!

ఒడిశా ప్రభుత్వానికి ఢిల్లీలో ఒడిశా భవన్, ఒడిశా నివాస్ ఉన్నాయి. నవీ ముంబైలోని వాశీలో కూడా ఒడిశా భవన్ ఉంది. రాయగడ, కోరాపుట్, గజపతి జిల్లాల నుంచి రిఫరల్ చీటీతో వచ్చేవాళ్ళ కోసం కేజీహెచ్‌కి నడిచి వెళ్ళేంత దూరంలో అలాంటి భవనం ఒకటి కట్టాలి, రాత్రికి వంద రూపాయలకి మంచం ఇవ్వాలి. కౌంటర్‌లో తెలుగు, ఒడియాతో పాటు గిరిజనుల కుయి, సవర భాషలు తెలిసినవాళ్ళని పెట్టాలి, ఎందుకంటే యాప్ తెరవడం రాక ఆస్పత్రి వరండాలో పడుకునేవాళ్ళలో మన తెలుగువాళ్ళే కాదు, కొందు, సవర గిరిజనులూ ఉంటారు. స్థలం ఆంధ్ర ప్రభుత్వం ఇవ్వాలి, ఖర్చు ఒడిశా పెట్టాలి. వచ్చే బడ్జెట్ సమావేశాల్లో ఈ మూడు జిల్లాల ఎమ్మెల్యేలు లేచి అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే.