లైనక్స్ కోసం ల్యాప్‌టాప్ కొంటున్నారా, బ్రాండ్ పక్కనపెట్టి చిప్ పేరు అడగండి

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి సపోర్ట్ ఆగిపోయాక చాలామంది ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లైనక్స్ వైపు చూస్తున్నారు, మంచిదే. కానీ అందరూ అడిగేది ఒకటే, లైనక్స్‌కి ఏ కంపెనీ ల్యాప్‌టాప్ బాగుంటుంది అని. ఆ ప్రశ్నతో మొదలుపెడితే దారి తప్పినట్టే, ఎందుకంటే లైనక్స్‌కి కంపెనీ పేరుతో పనిలేదు, లోపల ఉన్న చిప్‌కి మీరు వేసుకునే కెర్నల్‌లో (లైనక్స్ మూల భాగం) డ్రైవర్ (ఆ చిప్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) ఉందా లేదా, అంతే.

ఎక్కువమంది ఇరుక్కునేది వైఫై దగ్గర. బాక్స్ మీద వైఫై 6 అని రాసి వదిలేస్తారు, కార్డు ఎవరిదో చెప్పరు, ఒకే మోడల్‌లో ఒకదానికి ఇంటెల్ ఉంటే ఇంకోదానికి రియల్‌టెక్ ఉండొచ్చు. రియల్‌టెక్ 8852బీఈ సంగతే చూడండి, దాని డ్రైవర్ కెర్నల్ 6.2లో చేరింది, డెబియన్ అనే లైనక్స్ రకంలో 12వ వెర్షన్ వచ్చిందేమో 6.1 కెర్నల్‌తో. ఇన్‌స్టాల్ అంతా బానే అవుతుంది, తీరా చూస్తే వైఫై నెట్‌వర్క్ ఒక్కటీ కనపడదు, డ్రైవర్ దింపుకుందామంటే నెట్ లేదు, చివరికి ఫోన్ కేబుల్‌తో తగిలించి యూఎస్‌బీ టెథరింగ్ పెట్టుకోవాలి. అదే మెషీన్‌లో 6.12 కెర్నల్ ఉన్న డెబియన్ 13 వేస్తే ఈ తలనొప్పి ఉండదు. లైనక్సే బాగోలేదని తిట్టుకుని వెనక్కెళ్ళిపోయేవాళ్ళని చూస్తే నాకు బాధేస్తుంది, చాలాసార్లు తేడా ఇంతే. కార్డు మార్చుకునే వీలుంటే ఇంటెల్ ఏఎక్స్210 వేసుకోండి, ఏఎమ్‌డీ ప్రాసెసర్‌తో కూడా పనిచేస్తుంది, ఏఎక్స్211 మాత్రం తీసుకోవద్దు, అది ఇంటెల్ ప్లాట్‌ఫామ్ మీదే నడుస్తుంది.

గ్రాఫిక్స్‌లో నా ఓటు ఏఎమ్‌డీకే. డ్రైవర్ కెర్నల్‌లోనే ఉంటుంది, విడిగా వేసే పనిలేదు. ఎన్విడియా 2022లో కెర్నల్ మాడ్యూల్స్ (కెర్నల్‌లో చేరే డ్రైవర్ ముక్కలు) సోర్స్ బయటపెట్టింది, పరిస్థితి మెరుగైంది కూడా, కానీ చాలా డిస్ట్రోల్లో (డెబియన్ లాంటి లైనక్స్ రకాలు) డ్రైవర్ ఇంకా వేరేగానే వేసుకోవాలి, సెక్యూర్ బూట్ (సంతకం లేని కోడ్‌ని ఆపే రక్షణ) ఆన్‌లో ఉంటే మాడ్యూల్‌కి సంతకం గొడవ ఒకటి. క్యూడా (ఎన్విడియా కార్డుల మీద లెక్కలు చేయించే వ్యవస్థ) మీద పని ఉన్నవాళ్ళకి ఎలాగూ తప్పదు, మిగతావాళ్ళకి ఎందుకు?

ప్రింటర్ సంగతి ఎవరూ ముందు ఆలోచించరు. మన జెరాక్స్ షాపుల్లో, డీటీపీ సెంటర్లలో తెగ కనిపించే కెనాన్ ఎల్‌బీపీ 2900కి ప్రింటర్లకి మామూలుగా తెలిసే భాషలైన పోస్ట్‌స్క్రిప్ట్ రాదు, పీసీఎల్ రాదు, కంపెనీ సొంత క్యాప్ట్ పద్ధతి ఒక్కటే వచ్చు, అందుకే లైనక్స్‌లో దాన్ని నడిపించడం పెద్ద పని. కొత్తది కొనేటట్టయితే ఎయిర్‌ప్రింట్ (యాపిల్ పెట్టిన ప్రింట్ పద్ధతి) ఉన్నది చూడండి, చాలావరకు డ్రైవర్ వేయకుండానే ప్రింట్ వస్తుంది.

లైనక్స్ కాకుండా ఫ్రీబీఎస్‌డీ అనే ఇంకో ఉచిత సిస్టమ్ వేద్దామనుకునేవాళ్ళు ఇంకా గట్టిగా చూసుకోవాలి, అక్కడ వైఫై డ్రైవర్లు ఇంకా తక్కువ.

కొనేముందు షాపులో లైవ్ యూఎస్‌బీ (ఇన్‌స్టాల్ చేయకుండానే లైనక్స్ నడిచే పెన్‌డ్రైవ్) పెట్టి బూట్ చేసి చూపించమనండి, సెకండ్ హ్యాండ్ అయితే అసలు మొహమాటపడొద్దు. టెర్మినల్‌లో ఎల్‌ఎస్‌పీసీఐ కొట్టి వెనక ఎన్‌ఎన్‌కే ఆప్షన్ ఇస్తే (lspci -nnk) ప్రతి చిప్ ఐడీ, దాన్ని నడుపుతున్న డ్రైవర్ పేరు వస్తాయి, ఐడీ 8086తో మొదలైతే ఇంటెల్, 10ఈసీ అయితే రియల్‌టెక్. వైఫై కింద డ్రైవర్ లైనే లేకపోతే ఆగండి. తర్వాత మూత వేసి తీసి నిద్రలోంచి సరిగ్గా లేస్తుందా చూడండి, సౌండ్, కెమెరా చూడండి, వేలిముద్ర సెన్సర్ పనిచేయకపోయినా పర్లేదు అనుకుంటే అది వదిలేయండి. ఆన్‌లైన్‌లో కొంటే ఈ అవకాశం ఉండదు కాబట్టి ఆర్డర్ పెట్టకముందే వైఫై చిప్ నంబర్ ఏంటో అమ్మేవాళ్ళని అడగండి, చెప్పకపోతే ఇంకో మోడల్ చూసుకోండి.