గోసదృశో గవయః: ‘దానిలాంటి డ్రామా’ శాస్త్ర విచారం

ఉపమాన ప్రమాణానికి, అంటే పోలికతో ఒకదాన్ని తెలుసుకోవడానికి, మన నైయాయికులు (తర్కశాస్త్రం చెప్పినవాళ్ళు) ఒకే ఉదాహరణను వాడీ వాడీ అరగదీశారు. గవయం అంటే ఏమిటో తెలియని ఊరివాడికి అడవి తెలిసినవాడు ‘ఆవులాంటిదే’ అని చెబుతాడు. ఊరివాడు అడవికి వెళ్ళి, ఆవులాంటి జంతువును చూసి, ఇదే గవయమని తెలుసుకుంటాడు. గౌతమ మహర్షి కాలానికి కొరియన్ డ్రామాలు లేవు కాబట్టి శాస్త్రం అక్కడితో సరిపోయింది. ఇప్పటి ఊరివాడు ‘క్రాష్ లాండింగ్ ఆన్ యూ’ పదహారో ఎపిసోడ్ ముగించి, కళ్ళు తుడుచుకుని, ‘దీనిలాంటిది ఇంకోటి చెప్పండి’ అంటాడు. అడవి తెలిసినవాళ్ళు నలభైమంది ఒక్కసారే లేచి తలో పేరూ చెబుతారు. అందులో ఒకటి జాంబీలది.

తప్పు చెప్పినవాళ్ళది మాత్రమే కాదు. అడిగినవాడు ఆవులో ఏం నచ్చిందో చెప్పలేదు. పాలా, కొమ్ములా, గంగడోలా? క్రాష్ లాండింగ్‌లో తక్కువలో తక్కువ మూడు డ్రామాలున్నాయి. గాలివానకు కొట్టుకుపోయి ఉత్తర కొరియాలో పడ్డ వ్యాపారవేత్తకూ అక్కడి సైనికాధికారికీ మధ్య ప్రేమ ఒకటి. ఆమె తలదాచుకున్న ఊళ్ళో ఇరుగుపొరుగు ఆడవాళ్ళ సందడి రెండోది. సియోల్‌లో కంపెనీ కుర్చీ కోసం అన్నలూ వదినలూ పన్నే కుట్రలు మూడోది. మొదటిది నచ్చినవాళ్ళకు 2012లో ఎంబీసీ టీవీలో వచ్చిన ‘ది కింగ్ టూ హార్ట్స్’ ఉంది: దక్షిణాది యువరాజు, ఉత్తరాది సైనికాధికారిణి, 20 ఎపిసోడ్లు. రెండోది నచ్చితే ‘హోమ్‌టౌన్ చా చా చా’ (2021), ‘వెన్ ద కమెలియా బ్లూమ్స్’ (2019), దాహం ఇంకా తీరకపోతే ‘రిప్లై 1988’. (కమెలియా ఊళ్ళో ఒక వరుస హంతకుడు కూడా తిరుగుతుంటాడు. ముందే చెప్పడం ధర్మం.) మూడోదైతే 2024 నాటి ‘క్వీన్ ఆఫ్ టియర్స్’. కాబట్టి అడిగే ముందు ఒక పరీక్ష పెట్టుకోవాలి: వెనక్కి తిప్పి మళ్ళీ చూసిన సీను ఏది? దాన్ని ఒక్క వాక్యంలో రాయగలిగితే సగం పని అయినట్టే. రాయలేకపోతే నచ్చింది డ్రామా కాదు, దాని హీరో హ్యూన్ బిన్. అందుకు శాస్త్రం అక్కర్లేదు, ఆయన పేరు కొట్టి వెతుక్కుంటే చాలు.

హీరో పేరు పట్టుకుని వెతకడాన్ని ముఖానుసరణ వాదం అందాం. లోకంలో అత్యధికులు దీన్నే నమ్ముతారు, అత్యధికంగా మోసపోయేదీ వీళ్ళే. ‘మై మిస్టర్’ (2018)లో అప్పుల్లో మునిగి, ఆఫీసులోని ఇన్‌స్టంట్ కాఫీ పొట్లాలు ఇంటికి పట్టుకుపోయే అమ్మాయిగా ఐయూ అనే నటి నటించింది. ఆ బరువు దిగని గుండెతో ‘ఐయూ నటించిన మరో డ్రామా’ అని వెతికితే మరుసటి ఏడాది వచ్చిన ‘హోటల్ డెల్ లూనా’ తగులుతుంది. అక్కడ ఆవిడ దెయ్యాల కోసం హోటల్ నడుపుతూ పూటకో ఖరీదైన డ్రెస్సు మారుస్తుంటుంది. మంచి డ్రామానే. కానీ చావింటి నుంచి తిన్నగా పెళ్ళికి తీసుకెళ్ళినట్టుంటుంది. ఇక చైనా డ్రామాల్లో ముఖం కూడా పూర్తి ఆధారం కాదు. అక్కడ చాలా వాటిలో నటుడి గొంతు నటుడిది కాదు, డబ్బింగ్ కళాకారుడిది. మీరు మనసిచ్చింది ఆ గొంతుకే అయితే వెతకాల్సిన పేరు పోస్టర్ మీద ఉండదు.

సిద్ధాంతం ఏమిటంటే, కొరియన్ డ్రామాకు గోత్రం రచయితది. పదహారు ఎపిసోడ్లూ చాలావరకు ఒక్క చేతే రాస్తుంది. క్రాష్ లాండింగ్ రాసిన పార్క్ జి-ఉన్ 2013లో ‘మై లవ్ ఫ్రమ్ ద స్టార్’లో గ్రహాంతరవాసినీ, 2016లో ‘ద లెజెండ్ ఆఫ్ ద బ్లూ సీ’లో జలకన్యనూ, 2019లో ఉత్తర కొరియా సైనికుడినీ దించింది. ముగ్గురూ సియోల్‌కు పరాయివాళ్ళే. ప్రేమించిన మనిషి మన లోకానికి చెందనివాడైతే ఏమవుతుందన్న ఒకే ప్రశ్నకు ఆమె మూడు వేషాలు వేసింది. క్వీన్ ఆఫ్ టియర్స్ కూడా ఆవిడదే. అందులో ముందే పెళ్ళయిపోయింది కాబట్టి మొగుడూ పెళ్ళాలే ఒకరికొకరు పరాయివాళ్ళు.

ఈ సూత్రానికి అపవాదం (మినహాయింపు) రచయిత్రి కిమ్ ఉన్-సూక్. ‘గోబ్లిన్’ ఆవిడదే, ‘ద గ్లోరీ’ ఆవిడదే. మొదటిదాన్లో తొమ్మిది వందల ఏళ్ళ దేవుడు బక్‌వీట్ పూలిస్తాడు. రెండోదాని తొలి ఎపిసోడ్‌లోనే బడిపిల్లను జుట్టు వంకీలు తిప్పే వేడి కడ్డీతో కాలుస్తారు. పూల కోసం వచ్చి కడ్డీ దగ్గర టీవీ ఆపేసినవాళ్ళు శాస్త్రాన్ని నిందించకూడదు. రచయిత పేరు పక్కన రసం కూడా చూసుకోవాల్సింది.

దర్శకుడి పేరు పట్టుకుని పోవచ్చు గానీ ఒక్క అడుగే వేయాలి. మై మిస్టర్ తీసిన కిమ్ వోన్-సుక్ అంతకుముందు ఆఫీసు జీవితం మీద ‘మిసేంగ్’ (2014) తీశాడు, తరవాత ‘వెన్ లైఫ్ గివ్స్ యూ టాంజరీన్స్’ (2025) తీశాడు. రెండూ మై మిస్టర్‌కు చుట్టాలే. 2016లో ‘సిగ్నల్’ అనే నేరపరిశోధన కూడా తీశాడు. సిగ్నల్ నచ్చి దాని రచయిత్రి కిమ్ ఉన్-హీ పేరు పట్టుకుని ఇంకో అడుగు వేస్తే ‘కింగ్‌డమ్’ వస్తుంది. అందులో జోసన్ రాజ్యం (పాతకాలపు కొరియా) నిండా జాంబీలే. జాంబీలు ప్రేమకథల జాబితాల్లోకి దూరేది ఇలాగే: అ అనేది ఆ లాంటిది, ఆ అనేది ఇ లాంటిది, కాబట్టి అ అనేది ఱ లాంటిది. తర్కంలో అనవస్థ (అంతులేని గొలుసు) అనే దోషానికి ఇది చుట్టం. యాప్‌లో దీన్నే ‘మీకోసం’ అంటారు.

కాలమానం లెక్క చూడకుండా పోలిక చెప్పేవాళ్ళకు జరిమానా వేయాలి. కొరియన్ డ్రామా మామూలుగా వారానికి రెండు చొప్పున ఎనిమిది వారాలు, 16 ఎపిసోడ్లు, ఎపిసోడ్‌కు 70 నిమిషాల లెక్కన 19 గంటలకు కాస్త తక్కువ. జపాన్‌వి జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబర్‌లలో మొదలై పది పదకొండు ఎపిసోడ్లకు ముగుస్తాయి. చాలావరకు ఎనిమిది గంటల లోపే, ఒక ఆదివారం చాలు. చైనా ‘నిర్వాణ ఇన్ ఫైర్’ (2015) 54 ఎపిసోడ్లు, ముప్పావుగంట చొప్పున 40 గంటలు. అంతఃపురం కథలైతే ‘స్టోరీ ఆఫ్ యాంక్సీ ప్యాలెస్’ 70, ‘రుయీస్ రాయల్ లవ్’ 87. ఇవి రెండూ 2018వి. 2020లో అక్కడి ప్రభుత్వం 40 దాటించొద్దని చెప్పింది, 2025లో ఆ పట్టు సడలించింది. కాబట్టి సెలవు పెట్టలేనివాళ్ళు ఆ మధ్య కాలపు వాటితో మొదలుపెట్టడం క్షేమం. నచ్చుతుందో లేదో తేల్చుకోవడానికి జపాన్ డ్రామాకు రెండు ఎపిసోడ్లు, కొరియన్‌కు నాలుగు, చైనాదానికి ఎనిమిది ఇవ్వాలి. చైనా పురాణ ఫక్కీ డ్రామాలో మొదటి మూడు ఎపిసోడ్లూ ఎవరు ఎవరి శిష్యుడో తేలడానికే పోతాయి.

పేర్లతో జాగ్రత్త. 2017లోనే చైనా నుంచి ‘ఎటర్నల్ లవ్’ ఒకటి, ‘ది ఎటర్నల్ లవ్’ ఒకటి వచ్చాయి. మొదటిది మూడు జన్మల దేవతల ప్రేమ, 58 ఎపిసోడ్లు. రెండోది వెనకటి కాలానికి వెళ్ళిన అమ్మాయి హాస్యం, 24 ఎపిసోడ్లు. ఒకరు ఏడుస్తూ సిఫారసు చేస్తే ఇంకొకరు నవ్వుతూ థాంక్స్ చెప్పడం ఇందువల్లే. పేరుతోపాటు సంవత్సరం, ఎపిసోడ్ల సంఖ్య సరిచూసుకుంటే ఈ గొడవ ఉండదు. రేటింగ్ మాత్రం చూడకండి. మార్కులేసేది చాలావరకు చివరిదాకా చూసినవాళ్ళే. మూడో ఎపిసోడ్‌లో పారిపోయినవాడు మార్కులు వేయడానికి తిరిగిరాడు.

‘అచ్చం అదే కావాలి’ అనే మొండివాళ్ళకు రీమేకులున్నాయి. యోకో కామియో గీసిన జపాన్ బొమ్మల కథ (మాంగా) ‘హానా యోరి డాంగో’ను తైవాన్ 2001లో, జపాన్ 2005లో, కొరియా 2009లో, చైనా 2018లో, థాయిలాండ్ 2021లో డ్రామాగా తీశాయి. నలుగురు కోటీశ్వరుల కుర్రాళ్ళు, ఎదురుతిరిగే పేదింటి అమ్మాయి. జపాన్ తొలి సీజన్ తొమ్మిది ఎపిసోడ్లలో తేల్చిన ప్రేమకు చైనా 49 తీసుకుంది. థాయ్‌వాళ్ళు బడిలో వేధింపును వేధింపుగా చూపించారు, అందుకే ఐదింటిలో నా ఓటు దానికే.

ఇంట్లో కార్తీక దీపం వదలకుండా చూసిన అత్తగారికి పదహారు ఎపిసోడ్ల ప్రేమకథ చూపించి ‘ఇంతేనా?’ అనిపించుకోవద్దు. కొరియాలో ఆవిడ కోసమే కేబీఎస్ టీవీ వారాంతపు డ్రామాలున్నాయి, తలా 50 ఎపిసోడ్లు. ‘మై గోల్డెన్ లైఫ్’ (2017) పెట్టండి. పెంచిన తల్లి, సంపన్నుల ఇంటికి వెళ్ళాల్సిన పిల్లకు బదులు కన్నకూతుర్ని పంపుతుంది. 52 ఎపిసోడ్లు, ఆస్తులు, అబద్ధాలు, భోజనాల బల్ల దగ్గర నిలదీతలు. అత్తగారికి సబ్‌టైటిల్స్ కూడా అక్కర్లేదు.

చివరగా ఒక జాతి మిగిలింది. ఏ పేరు చెప్పినా ‘అది చూసేశాను’ అనేవాళ్ళు. వీళ్ళు అడిగేది డ్రామా కాదు, సన్మానం. వీళ్ళకు శాస్త్రోక్తమైన మందు ఒకటుంది: జపాన్ ఎన్‌హెచ్‌కే టీవీ 1983లో మొదలుపెట్టి ఏడాదిపాటు వేసిన ‘ఓషిన్’. పదిహేను నిమిషాల ఎపిసోడ్లు 297, అంటే 74 గంటల పైమాటే. ఈలోగా సియోల్‌లో కొత్తవి ఎన్ని మొదలైనా వాళ్ళు ‘చూసేశాను’ అనలేరు, మిగతావాళ్ళు కాస్త ప్రశాంతంగా అడగొచ్చు.